చేపల గదిలో ఈశ్వరి

జాలరిపేటలో తల్లి ఇప్పటికీ చేపలమ్ముతుంది. కూతురు ఈశ్వరి మాత్రం రుషికొండ దగ్గర ఒక పరిశోధనశాలలో వేలెడైనా లేని చారల చేపల్ని సాకుతుంది. పొద్దున్నే కొంగు బొడ్లో దోపుకుని, గాజుతొట్టెల ముందు గొంతుక్కూర్చుని, ప్రతి తొట్టెలోనూ మొప్పల కదలిక చూశాకగానీ మేత వెయ్యదు. చచ్చిన చేపను తీసేటప్పుడు ఎవరు పిలిచినా పలకదు.

గుడ్డులో గుండె ఎలా ఏర్పడుతుందో పరిశోధిస్తున్న హేమశ్రీకి, మూడేళ్లుగా పెంచుతున్న ఒక రకం చేపల్లో చివరికి ఒక్క జంటే మిగిలింది. నెల రోజులైనా అది గుడ్డు పెట్టలేదు. "ముసలివైపోయాయి అక్కా. వీటితో ఈ రకం ఆఖరు" అంది హేమశ్రీ నీరసంగా. ఈశ్వరి ఆ జంటను ఉంచిన డబ్బాలోకి తొంగిచూసింది. "లోతెక్కువైపోనాదమ్మా. గుడ్డెట్టే సేప తక్కువ నీల్లలోకొస్తాది. డబ్బాని ఓ పక్కకెత్తి సూడమంటావా?" హేమశ్రీ తలూపింది. ఈశ్వరి డబ్బా ఒక అంచు కింద చెక్కముక్క పెట్టింది. మర్నాడు గదిలో దీపాలు వెలగ్గానే ఆ జంట నీళ్లు తక్కువగా ఉన్న మూలకు చేరి గిరగిరా తిరిగింది. కాసేపటికి అడుగున ఆవగింజకన్నా చిన్న గుడ్లు, గాజుపూసల్లా. ఆ మర్నాడు హేమశ్రీ ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. గుడ్డులో తోక చుట్టుకున్న పిల్ల. దానిలో చుక్కంత గుండె టపటపా కొట్టుకుంటోంది. "ఏటమ్మా, ఇంత సిన్నదానికి ఇంత తొందరేటి!" అని నవ్వింది ఈశ్వరి. హేమశ్రీ ఆమె భుజమ్మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఈశ్వరి ఒక చేత్తో ఆ తల నిమురుతూనే ఉంది గానీ, మైక్రోస్కోపు మీంచి కన్ను మాత్రం తియ్యలేదు.