నూట పంతొమ్మిదో పిల్ల

మొన్న ఒకరోజు పదకొండు గంటల వేళ, పెందుర్తిలో మా అమ్మాయి ఇంట్లో నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుని ఉండగా మా అమ్మాయి ఫోను టింగుమంది. వెంటనే ఎదురింటి వాళ్ళ ఫోను, పై వాటా వాళ్ళ ఫోను ఒకదాని వెనుక ఒకటి మోగాయి. మా మనవరాలు చదివే బడికి బాంబు పెట్టామని ఎవరో మెయిల్ పంపారట, పోలీసులు వచ్చి చూస్తున్నారు, కంగారు పడకుండా వచ్చి పిల్లల్ని తీసుకువెళ్ళమని బడివాళ్ళు కబురు పెట్టారు. కంగారు పడవద్దని చెప్పడం ఎంత తేలికో! చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నేనూ అమ్మాయి స్కూటరు వెనుక ఎక్కేశాను.

గేటు ముందు రెండు మూడు వందల మంది తల్లిదండ్రులు ఉన్నారు గాని, నాకు వింతగా తోచింది ఏమిటంటే ఎవరూ ఏడవడం లేదు, అరవడం లేదు, అందరూ తలలు వంచుకుని ఫోన్లలోకే చూస్తున్నారు. లోపలి నుంచి ఒక్కొక్క పిల్లా వచ్చి మెడలో కార్డు యంత్రానికి చూపిస్తే అది కీచుమంటోంది, ఆ కీచు వినబడినప్పుడల్లా బయట ఒక తల్లి తల పైకి లేస్తోంది. మా మనవరాలు వచ్చేవరకూ నేను ఆ కీచులే లెక్కపెడుతూ నిలబడ్డాను. అది మాత్రం ఆరిందాలా నడిచి వచ్చి, మెయిల్ వచ్చినప్పుడు పరుగెత్తకూడదు, సంచీ ముట్టుకోకూడదు అని నాకే పాఠం చెప్పింది. ఈ ఏడాది ఇలా రావడం రెండోసారట, దానికి అలవాటైపోయింది.

తిరిగి బయలుదేరబోతుండగా నా పక్కనే నిలబడ్డ ఒకావిడ ఇంకొకావిడ చెవిలో అన్న మాట నా చెవినీ పడింది. "ఈమధ్య ఓలికో టీసీ ఇచ్చి పంపించీసినారంట కదేటి, ఆలే సేసుంటారు." బడి నుంచి ఎవరినో పంపేశారట, వాళ్ళే చేసి ఉంటారని ఆవిడ అనుమానం, అంతే. రెండో ఆవిడ అవునన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం చూసేసరికి ముప్పై ఏళ్ళకు పైగా లోపల అణిచి పెట్టుకున్నది ఆ గేటు దగ్గరే పైకి తన్నుకుని వచ్చింది, ఇప్పుడు మీతో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అప్పట్లో మేము గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. మా ఆయన గోదావరి ఒడ్డు మనిషి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చారు. నాది భీమునిపట్నం దగ్గర పల్లె. మా వీధికి దగ్గరలో కొండవాలున ఒక చిన్న బడి ఉండేది, పెంకుల వసారా, ఆరు గదులు, ముందు ఎర్రమట్టి మైదానం, వెనుక హెడ్మాస్టరు గారి గది. నాకు అందులో కొత్తగా ఉద్యోగం, అయిదో తరగతికి పాఠాలు చెప్పడమూ, బడి మొత్తానికి హాజరు రిజిస్టరు చూసుకోవడమూ నా పని. మా అమ్మాయి అదే బడిలో రెండో తరగతి. పిల్లల తండ్రులు సగం మంది ఉక్కులోనో ఓడరేవులోనో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళు, వాళ్ళ భార్యలకు మొగుడి ముఖం కన్నా షిఫ్టు మారే వేళలే బాగా తెలుసు. మా తరంవాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, ఒకరింట్లో కూర వండితే నాలుగిళ్ళకు గిన్నెలు తిరిగేవి.

ఒక సోమవారం బడికి సంతకం లేని ఉత్తరం వచ్చింది. చిన్నపిల్లల కాపీ పుస్తకంలోంచి చింపిన కాగితం మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో, శుక్రవారం మీ బడిని కూల్చేస్తాం, ఎంతమంది ఉంటే అంతమంది అని రాసి ఉంది. బూతులు, అరుపులు ఉంటే ఆకతాయి పని అనుకుని పారేసేవాళ్ళమేమో గాని, ఆ రాత అంత శుభ్రంగా ఉండడమే మమ్మల్ని భయపెట్టింది, కొమ్ము దగ్గర కొమ్ము, దీర్ఘం దగ్గర దీర్ఘం, ఒక్క కొట్టివేత లేదు. పోలీసులు వచ్చి చూసి వెళ్ళారు. మంగళవారం బడికి ఒక్క పిల్ల కూడా రాలేదు. ఖాళీ గదుల్లో మేము అయిదుగురం టీచర్లం కూర్చుని, గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఆ సాయంత్రం మా ఇంటి అరుగు మీదే తండ్రులంతా చేరారు. ఎన్నాళ్ళని పిల్లల్ని ఇంట్లో దాస్తాం, ఎవడో చాటునుండి చేసిన బెదిరింపుకు బడి మూసుకోవాలా అని మా ఆయన అన్నారు. ఆయనది కర్మాగారంలో ప్రమాదాల నివారణ చూసే విభాగం, లోపల ఏదైనా జరిగితే మనుషుల్ని బయటికి తెచ్చి తలలు లెక్కపెట్టడం ఆయన పని. తెలిసిన విద్యే కదా ఎవరైనా వాడేది! బడికి కూడా అదే పద్ధతి పెట్టారు. తండ్రులు మూడు జట్లుగా కాపలా, గంట గంటకూ పిల్లల్ని మైదానంలోకి తెచ్చి లెక్క, ఆ అంకె గేటు దగ్గర నల్లబల్ల మీద, ఒక జట్టు దిగేటప్పుడు ఎక్కే జట్టుకు ఆ అంకె నోటితో అప్పజెప్పడం. నూట పద్దెనిమిది అని వీళ్ళు, నూట పద్దెనిమిది అని వాళ్ళు. గర్వంగానే ఉండేది నాకు, నా మొగుడు ఊరి పిల్లలందరికీ కంచె కట్టాడని.

బుధవారం, గురువారం అలాగే గడిచాయి. పిల్లలు వరసలో నిలబడి తమ అంకె తామే గట్టిగా చెప్పాలి, ఒకటి నుంచి నూట పద్దెనిమిది దాకా. రెండు రోజులకే వాళ్ళు ఆటల్లో కూడా పేర్లు మానేసి అంకెలతో పిలుచుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మాయి అన్నం తింటూ తింటూ నలభై ఒకటి, నలభై ఒకటి అని గొణుక్కునేది. ఎందుకే అంటే, మరిచిపోతే నాన్న నన్ను లోపల వదిలేస్తారు కదా అంది. నేను నవ్వేసి దాని కంచంలో ఇంకాస్త అన్నం పెట్టాను.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు సముద్రం వైపు నుంచి గాలి లేదు, కొండమీద కాకి కూడా అరవలేదు, లేక నాకే అలా అనిపించిందో. తండ్రులు ఎక్కువ మంది సెలవు పెట్టారు, తల్లులు ప్రహరీ వెంబడి వరసగా నిలబడ్డారు. పదిగంటలకు జట్టు మారింది. ఆ వెంటనే లెక్క మొదలయింది. నేను అయిదో తరగతి గదిలో నోటుపుస్తకాలు సర్దుకుని వస్తున్నాను, పిల్లల గొంతులు నూట పదహారు, నూట పదిహేడు, నూట పద్దెనిమిది అని ఆగాయి అనుకున్నాను. ఆగలేదు. చిన్న గొంతు ఒకటి నూట పంతొమ్మిది అంది.

మళ్ళీ లెక్కపెట్టించారు. నూట పంతొమ్మిది. ఈసారి పెద్దవాళ్ళే ఒక్కొక్క నెత్తి మీద చెయ్యి వేసి లెక్కపెట్టారు. మా ఆయన స్నేహితుడు, ఓడరేవులో పని చేసే స్థానికుడు, ముఖం పాలిపోయి వచ్చి, "బావా, ఒకటి ఎక్కువొస్తందేటి?" అన్నాడు. కర్మాగారంలో లెక్క తగ్గితే ఏం చెయ్యాలో మా ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. పెరిగితే ఏం చెయ్యాలో ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

రిజిస్టరు తెమ్మన్నారు. నేను పేరు పిలుస్తుంటే ఒక్కొక్క పిల్లా వరసలోంచి వచ్చి ప్రహరీ దగ్గర తల్లి కొంగు పట్టుకుంటోంది. మా అమ్మాయి వచ్చి నా కాళ్ళను చుట్టుకుంది. ఆఖరి పేరు అయ్యేసరికి మైదానం మధ్యలో ఒక ఆడపిల్ల మిగిలింది, ఏడేళ్ళుంటాయి, నూనె రాసి దువ్విన తల, భుజాన ఉబ్బెత్తుగా ఉన్న గుడ్డసంచీ. "టీచర్, నా పేరు?" అంది.

ఆ పిల్ల నాకు తెలియదా? తెలుసు. రెండో తరగతిలో మా అమ్మాయి పక్కనే కూర్చునేది. తండ్రి ఓడరేవులో కాంట్రాక్టు కూలీ, మేస్త్రీతో గొడవపడి పని పోగొట్టుకుని సంసారంతో ఊరికి వెళ్ళిపోయాడని విని, నెలకు పైగా రాలేదని ఆ మధ్యే దాని పేరు మీద నేను ఎర్రగీత గీశాను. ఉత్తరం వచ్చిన నాటి నుంచి వీధిలో నలుగురి నోటా నలుగుతున్నది ఆ తండ్రి పేరే. నిప్పులేనిదే పొగ రాదన్నారు. కాపీ పుస్తకం కాగితం కదా, ఇంట్లో చదువుకునే పిల్ల ఉన్నవాడే అన్నారు. చదువుకునే పిల్లలు మా అందరి ఇళ్ళలోనూ ఉన్నారని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. అందరూ నా వైపు చూస్తున్నారు. నేను చెప్పింది అబద్ధం కాదు. "రిజిస్టరులో లేదు" అన్నాను.

సంచీ, సంచీ అని ఎవరో అన్నారు. వెనక్కి జరగండి అని మా ఆయన కేక పెట్టారు. పిల్లల్ని వెనక్కి నెట్టుకుంటూ అందరం రెండడుగులు వెనక్కి వేశాం. ఆ పిల్లకు అదేదో ఆటలా తోచినట్టుంది, కిసుక్కున నవ్వి మా వైపు ఒక అడుగు వేసింది. అంతమందిమీ మళ్ళీ వెనక్కి జరిగాం. ఇంకా నవ్వింది, ఇంకో అడుగు వేసింది, మేము ఇంకా జరిగాం, నా వీపుకు గోడ తగిలింది. కర్మాగారంలో కరిగిన ఇనుము పక్కన నిలబడే మగవాళ్ళు, ఏడేళ్ళ పిల్ల అడుగు వేస్తే గోడకు అతుక్కుపోయారు. నాలుగో అడుగుకు అది నవ్వడం మానేసింది. అయిదో అడుగు వెయ్యలేదు. మా అమ్మాయి దాని పేరు పెట్టి పిలవబోయింది, చెయ్యి విదిలించుకుని దాని దగ్గరికి వెళ్ళబోయింది. నేను మా అమ్మాయి నోరు మూశాను. గట్టిగా మూశాను, దాని పళ్ళు నా అరచేతికి గుచ్చుకున్నాయి.

ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, తనే సంచీ దింపి, తిరగేసి మట్టిలో కుమ్మరించింది. పలక, రాగిపిండితో చేసిన చోడి రొట్టె కట్టుకున్న గుడ్డమూట, కింద వేసుకుని కూర్చోవడానికి చుట్టిపెట్టుకున్న గోనెపట్టా ముక్క. ఆ గోనెపట్టా వల్లే సంచీ ఉబ్బెత్తుగా ఉంది. అయినా ఎవరమూ కదలలేదు. ఏమీ లేదని కళ్ళతో చూశాక కూడా కదలలేదు, అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటుంది.

అప్పుడు వెనుక గది వైపు నుంచి దాని తల్లి వచ్చింది. పదిగంటలకు కాస్త ముందు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, హెడ్మాస్టరు గారితో మాట్లాడాలంటే దిగిపోయే జట్టువాళ్ళే లోపలికి పంపారట, ఆయన పోలీసు స్టేషనుకు వెళ్ళడంతో గది ముందే కూర్చుండిపోయిందట, పిల్ల మాత్రం లెక్కకు గంట కొట్టగానే ప్రార్థనకు నిలబడే అలవాటు కొద్దీ పరుగెత్తి వరసలో నిలబడింది. మా వాళ్ళు అంకె అప్పజెప్పారు గాని ఒక తల్లీ పిల్లా లోపల ఉన్నారన్న మాట అప్పజెప్పలేదు. ఆమె మైదానం మధ్యకు నడిచి వచ్చి, చుట్టూ ఒకసారి చూసి, కూర్చుని పలక తుడిచి సంచీలో పెట్టింది, మూట పెట్టింది, గోనెపట్టా దులిపి చుట్టి పెట్టింది. కూతురి చెయ్యి పట్టుకుని నా ముందుకు వచ్చి, గొంతు పెంచకుండా, "పాపని మళ్ళీ బళ్ళో ఎయ్యమని అడగడానికి వొచ్చినాను టీచరమ్మా. మా పిల్లని సూత్తే మీకింత బయమని నాకు తెల్దు" అంది. గేటు దగ్గర కాపలావాళ్ళు దారి ఇచ్చారు. ఇవ్వడమేమిటి, పక్కకు తప్పుకున్నారు.

శుక్రవారం ఏమీ జరగకుండానే గడిచింది. ఉత్తరం ఎవరు రాశారో ఏనాటికీ తేలలేదు. సాయంత్రం ఆఖరి లెక్కకు నూట పద్దెనిమిది సరిపోయింది, తండ్రులు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు, ఎవరో మిఠాయి పంచారు, నేనూ తిన్నాను. సోమవారం ఆ తల్లిని వెతుక్కుంటూ వెళ్ళాలనుకున్నాను, మంగళవారం అనుకున్నాను, ఆ తరువాత అనుకోవడం మానేశాను. మా ఆయన పోయేవరకూ ఆ రోజు మాట ఇంట్లో ఎత్తలేదు.

ఇప్పుడు కాలం మారింది. బెదిరింపుకు చేతిరాత లేదు, ఏ దేశం నుంచి వస్తుందో తెలియదు, పిల్లల్ని యంత్రం లెక్కపెడుతోంది, తల్లిదండ్రులు ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే పక్కపక్కన నిలబడి, మధ్యాహ్నానికి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఆ ఐకమత్యం ఇప్పుడేదీ అని నా ఈడువాళ్ళు నిట్టూరుస్తుంటే నేనూ ఊకొడతాను, నాకూ ఆ వీధి, ఆ కూరగిన్నెలు కావాలనే ఉంటుంది. కాని ఆ ఐకమత్యం గోడకు వీపు ఆనించి నిలబడడం నేను చూశాను, అందులో నేనూ ఉన్నాను.

ఆ పిల్లకు ఇప్పుడు మా అమ్మాయి వయసే ఉంటుంది. బళ్ళో వేసుకునే పిల్లలూ ఉంటారు. మొన్న గేటు ముందు ఆ ఈడు ఆడవాళ్ళ ముఖాలన్నీ వెతికాను, దొరికితే మాత్రం ఏమని పిలుస్తాను? నూట పంతొమ్మిది అన్న అంకె ఉంది గాని దాని పేరు నాకు గుర్తు లేదు, ఎర్రగీత గీసిన నాకే గుర్తు లేదు. మా అమ్మాయికి గుర్తుంటుంది, ఆ రోజు పిలవబోయింది కదా. వంటింట్లో పక్కనే ఉంటుంది, అడిగితే చెబుతుంది, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేకపోయాను.