రాళ్లు కప్పుకున్న బర్ఫ్

నేను ఐదో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా గురూజీ అంటారు. ఆ తర్వాత నాందేడ్ స్టేషన్ వెనకాల ఒక బర్ఫ్ ఫ్యాక్టరీలో లాదీలు మోస్తూ పద్దెనిమిదేళ్లు చదువుకున్నాను. లాది అంటే నడుమెత్తు మంచుగడ్డ. దాన్ని మించిన గురువు నాకు దొరకలేదు, అది కొట్టేది కూడా కాదు.

మే నెల ఎండలో లాదిని జానెడు మందాన రంపపు పొట్టుతో కప్పితే సాయంత్రానికీ గట్టిగానే ఉంటుంది. అదే, రైలింజన్ల మసి ఎగిరొచ్చి పలచగా పడిందా, ఏమీ కప్పని లాదికంటే ముందే కరుగుతుంది. మసి ఎండను తాగుతుంది, మందపు పొట్టు ఆపుతుంది. ఇంకోటి: పొట్టు కింద లాది ఊరికే ఉండదు. కరిగిన నీళ్ల మీద వాలు వైపుకు మెల్లగా జారుతుంది. పైన పొట్టు చూసి కదలట్లేదనుకున్నందుకే నా కాలి బొటనవేలి గోరు పోయింది.

ఎనభైల మొదట్లో మా గురూజీ రిటైరై, నాందేడ్ నుంచి పదిహేనుమందిని గంగ పుట్టేచోటికి యాత్రకు తీసుకెళ్లారు. వంటకు నన్ను పిలిచారు. కర్ఖేలిలో ఉండే మా అక్క కూడా వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మంచు నోట్లోంచి నీళ్లు బయటపడే చోటనే మునగాలని ఆమె కోరిక. "మనకు గోదారి లేదా అక్కా, బట్టలతో సహా మునగొచ్చు" అంటే చెంబు విసిరింది.

రైలు, బస్సు, చివర రెండు రోజుల నడక. మిట్టమధ్యాహ్నం అక్కడికి చేరాం. అందరూ తెల్లటి మంచు కోసం వెతికారు. కనబడింది బూడిదరంగు రాళ్ల గుట్ట. దాని ముఖాన గుహలాంటి నోరు, అందులోంచి ఉరికే నీళ్లు. మునగడానికి అందరూ ఆ నోటి కిందికి బయల్దేరారు.

నేను కాలితో రెండు రాళ్లు తోశాను. కింద నల్లటి మంచు. పైనుంచి చిన్నచిన్న రాళ్లు దొర్లుతున్నాయి. పైన మనిషి లేడు, గాలి లేదు.

"అక్కా, ఆడికి పోవద్దు. ఈడనే మునుగు."

"ఏందిరా? గింత దూరం నడిచి అచ్చింది ఈడ కాళ్లు కడుక్కోనీకా?"

"అది గుట్ట గాదు, లాది. మన ఊరంత లాది. ఆ రాళ్లే దాని పొట్టు."

గురూజీ వెనక్కి తిరిగి, బళ్లో ఫెయిలైనప్పటి పేరుతోనే నా నోరు మూయించబోయారు. "అరే నాపాస్, గప్ బస్! గిన్ని రాళ్లు మోస్తున్నదంటే ఎంత గట్టిగుండాలె?"

"మీద గట్టిగనే ఉంది గురూజీ, రాళ్లు మందంగున్నయి. ఈ మొకం కాడ రాళ్లు జారిపోయినయి. ఎండ కిందినుంచి తింటున్నది. కింద తిన్నంక మీదిది ఏడికి పోతది? మీ నెత్తి మీదికే."

"పుస్తకంల దీన్ని హిమానీనదం అంటరు. ఎన్నడన్న సదివినవా?"

"సదువలే. మోసిన."

కొందరు నవ్వారు. గురూజీ నవ్వలేదు, ఆగనూ లేదు. అక్క చీరకొంగు బిగించి వాళ్ల వెనక నడిచింది. రెండు బండల మధ్య మనిషి పట్టేంత దారి. నేను ముందుకురికి దారికి అడ్డంగా వెల్లకిలా పడుకున్నాను.

మనిషిని దాటితే వాడి ఆయుష్షు తగ్గుతుందని మా అక్క నమ్మకం. చిన్నప్పుడు నేను చాప మీద దొర్లుతుంటే చుట్టూ తిరిగి వెళ్లేది గాని దాటేది కాదు.

"లే! లేస్తవా లేదా?"

"దాటిపో. తమ్ముడు పోతే ఇంకోడు దొరుకుతడు."

ఆ తిట్లు నేను రాయను. మరాఠీలో కొన్ని, తెలుగులో కొన్ని, మిగిలినవి దక్కనీలో. వీపు కింద రాళ్లు గుచ్చుకుంటున్నాయి, నేను లేవలేదు. చివరికి ఆమె వెనక్కి మళ్లి, వాగు విశాలమయ్యే చోట, ఏడుస్తూ మునిగింది.

మిగతావాళ్లు నోటి కిందే మునిగి, వణుకుతూ, నిక్షేపంగా తిరిగొచ్చారు. "ఏం కూలింది రా?" అన్నారు గురూజీ తల తుడుచుకుంటూ. మేమున్నంతసేపూ నిజంగానే ఏమీ కూలలేదు. రైల్లో నాకు 'బర్ఫ్ డాక్టర్' అని పేరు పెట్టారు. నేను క్షమించమని అడగలేదు, ఇప్పటికీ అడగను.

అక్క నాందేడ్ దాకా నాతో మాట్లాడలేదు. దిగాక నా ఇంట్లో రొట్టె వేస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నిజంగ కూలుతుండెనా?"

"కూలుతది. ఇయ్యాలనో, ఏడాదికో, నాకు తెల్వది."

"తెల్వకుంట నా మునక చెడగొట్టినవా?"

"తెల్వదు గనుకనే అడ్డం పండుకున్న."

అక్క ఇంకో రొట్టె నా పళ్లెంలోకి విసిరింది. మాడింది ఏరి మరీ విసిరింది.