లిస్టులో చేర్చినందుకు

రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసే ఆయన్ని అందరూ సర్వర్ బాబాయ్ అంటారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చల్లారిన టీని కూడా ఊదుకుంటూ తాగే మనిషి. ఆ రోజు పొద్దున్నించీ ల్యాబు డాక్టర్లకు మెయిల్లో పంపిన రిపోర్టులన్నీ తిరిగొచ్చేస్తున్నాయి. చెత్త మెయిళ్లు పంపే సర్వర్ల బ్లాక్‌లిస్టులో ల్యాబు ఐపీ అడ్రసు చేరిపోయింది; ఆ లిస్టులో ఉన్నవాళ్ల మెయిల్ ఎవరూ తీసుకోరు. "ముందు మన అడ్రసు తీసేయమని ఆ లిస్టు నడిపేవాళ్లని అడుగు బాబాయ్!" అంటూ మేనేజరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బాబాయ్ మాత్రం, "తప్పు దిద్దుకోకుండా అడిగితే ఇవాళ తీసి రేపు మళ్లీ పెడతారు. ఈలోగా రిపోర్టులు ఫోన్లో చదివి చెప్పండి," అని ఒక్కో కంప్యూటరూ వెతుక్కుంటూ పోయాడు. చివరికి రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్లో దొరికింది దొంగ ప్రోగ్రాం. ఆమెకు తెలియకుండానే ఊరందరికీ చెత్త పంపుతోంది. అమ్మాయి ముఖం పాలిపోయింది. "తాళం వేయాల్సింది నేనేలేమ్మా," అని దాన్ని తీసేసి, పాస్‌వర్డులు మార్చి, అప్పుడు లిస్టు వాళ్లని అడ్రసు తీసేయమని అడిగాడు.

సాయంత్రానికి అడ్రసు తీసేశారు, రిపోర్టులు కదిలాయి. బాబాయ్ ఇంకా రెండు వేళ్లతో టైపు చేస్తూనే ఉన్నాడు.

"ఎవరికి బాబాయ్?" అంది అమ్మాయి.

"లిస్టు వాళ్లకి. థ్యాంక్స్ చెబుతున్నా."

"తీసేసినందుకా?"

"చేర్చినందుకమ్మా. ఇంట్లో దొంగ దూరాడని మనకి చెప్పింది వాళ్లే కదా."