ప్రార్థన చీటీ

హూడిలో మా తెలుగు చర్చికి వచ్చే ఒకాయన మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఆరాధన అవగానే కుర్చీలు సర్దేవాడు, ముసలమ్మలను చెయ్యి పట్టుకుని మెట్లు దింపేవాడు. అందరూ ఆయన్ని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. భార్యను నేనేం అడిగినా జవాబు ఆయనే చెప్పేవాడు. వాళ్ల ఆరేళ్ల పాప ఎవరైనా బిస్కెట్ ఇస్తే ముందు తండ్రి ముఖం చూసేది.

ఒక ఆదివారం ఆమె జాకెట్టు చేతి అంచు కింద నాలుగు వేళ్ల ముద్ర కమిలి కనిపించింది. బాత్రూంలో జారిపడిందని ఆయన చెప్పాడు. ఇరవై ఏళ్లుగా నర్సు పని చేస్తున్నాను, జారిపడ్డ దెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలియదా?

అప్పుడే ఆమెను పక్కకు పిలిచి అడగాల్సింది. నేను మాత్రం మా చర్చిలో అందరికీ అలవాటైన పనే చేశాను. 'కొట్టే భర్త నుంచి ఒక సహోదరికి విడుదల కావాలి' అని ప్రార్థన చీటీ రాసి, ఎవరి పేరూ పెట్టకుండా పెట్టెలో వేశాను. సంఘ పెద్ద దాన్ని మైకులో చదివాడు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆ భర్తే.

మరుసటి ఆదివారం వాళ్లు రాలేదు. సోమవారం డ్యూటీ దిగి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. ఆయన తలుపు సగమే తీసి, భార్యాబిడ్డలు ఊరికి పోయినారని నవ్వుతూ చెప్పాడు. ఆమె చెప్పులు, పాప స్కూలు బూట్లు గడప పక్కనే ఉన్నాయి. పాపకు టీకా వేయాలి, కార్డు చూడనిదే కదలనని గొంతు పెంచాను. పక్కిళ్లవాళ్లు బయటికి వచ్చారు. నలుగురి ముందు మంచివాడుగా ఉండాలి కదా, దారి ఇచ్చాడు. లోపల ఆమె పెదవి చిట్లి ఉంది, ఎడమ చెయ్యి వాచిపోయి ఉంది. ఎక్స్‌రే తీయించాలని అందరికీ వినబడేలా చెప్పి, తల్లీబిడ్డలను ఆటో ఎక్కించాను.

"ఆ చీటీ నేనే రాసినానని కొట్టినాడక్కా," అంది ఆమె దారిలో. "ఎవరు రాసుంటారు?"

నేనే రాశానని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పాపను నా పక్కనుంచి తన అవతలికి జరుపుకుంది.

ఆసుపత్రిలో ఏమైందని డాక్టరమ్మ అడిగితే నేనే చెప్పబోయాను.

"నువ్వుండక్కా," అని ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా మొగుడు కొట్టినాడు మేడం. పోలీసులకు రాయండి. నేను, నా బిడ్డ ఆ ఇంటికి పోము."