లారీకి పళ్ళు కట్టించిన ప్రయాణం

మా ద్వీపపు కొండ ఊరు నువెల్ ఫ్రాన్స్‌లో వాన వెలిసిందంటే కాసేపు సన్నబడిందని అర్థం. అలా సన్నబడ్డ వానలో, శుక్రవారం ఉదయం, నేనూ చిన్నాన్నా రోజ్ హిల్‌కి బయలుదేరాం. మా లారీ మాతో రాలేదు. అది మా ఇంటికి ఎక్కే దారి మలుపులో, వెనక చక్రాలు ఇరుసు దాకా మట్టిలో పెట్టుకుని, కదలనని కూర్చుంది.

తప్పు లారీది కాదని చిన్నాన్న వాదన. దానితోపాటు వచ్చిన టైర్లు పట్నం రోడ్లకు చేసినవి. వాటి మీది సన్నని గీతలు కూడా అరిగి, ఇప్పుడు తిరుపతి గుండులా ఉన్నాయి. చెరకు ఎస్టేటు లారీకి లోతైన కోతలున్న టైర్లు చూసి వచ్చినప్పటి నుంచి చిన్నాన్న వాటిని ‘పళ్ళు’ అంటాడు. పళ్ళున్న టైరు మట్టిని కరుస్తుంది, పళ్ళు లేనిది నాకుతుంది. ఇది ఆయన సిద్ధాంతం. విని విని మా ఇంట్లో అందరం ఆ మాటే వాడుతున్నాం.

తాతయ్య సిద్ధాంతం వేరు. మా ద్వీపంలో లారీని కామియోన్ అంటారు. ఆయన ఆ మాటను తిట్టులా పలుకుతాడు.

“ఒరే సూరీ, మంచి ఎడ్లను అమ్మించి ఈ కామియోన్ కొనిపించావు. సాయంత్రం ఎడ్ల మనిషి వస్తున్నాడు. ఆలోగా ఇది మలుపు ఎక్కిందా, సరే. ఎక్కలేదా, దీన్ని వదిలించుకుని ఎడ్లు తెచ్చుకుంటాను. నువ్వు మళ్ళీ కత్తి పట్టుకుని చెరకు కొట్టడానికి పో.”

చిన్నాన్న నన్ను లేవదీసి చెప్పులు వేసుకోమన్నాడు.

నన్నెందుకు తీసుకెళ్ళాడంటే, వెనక చక్రాలకు రెండు టైర్లు కావాలి, ఆయనకు ఉన్నవి రెండు చేతులే. నాకు మాత్రం అభ్యంతరం లేదు. రైల్లో కూర్చుంటే పుస్తకం చదువుకోవచ్చు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. మాట్లాడటం చిన్నాన్న పని.

రోజ్ బెల్ స్టేషన్ దాకా దిగుడు దారి కాబట్టి నడిచాం. మూడో తరగతిలో ఎడమవైపు కిటికీ దొరికింది. ఈ దారిన వచ్చేవారు ఆ వైపే కూర్చోవాలి. కుడివైపు కూర్చుంటే వాన ఒళ్ళో పడుతుంది. క్యూర్‌పీప్ దగ్గర మబ్బులోకి ఎక్కి, ఫీనిక్స్ దగ్గర ఎండలోకి దిగాం. చిన్నాన్న దారి పొడవునా ఎదుటి బల్ల మీది ఆయనకు టైర్ల గురించి చెప్పాడు. ఆయన ఫీనిక్స్‌లో దిగుతూ నాతో, “మామ్‌జెల్, మీ నాన్న టైర్లు అమ్ముతాడా?” అని అడిగాడు. అమ్మాయిని ఇక్కడ మామ్‌జెల్ అంటారు. నేను పుస్తకంలోకి తల దించాను.

రోజ్ హిల్‌లో మా అత్త ఉంటుంది. చిన్నాన్నకు అక్క. బుధవారం మా భజన మాస్టారు ఆ ఊరు వెళ్తుంటే, చిన్నాన్న ఆయనతో కబురు పంపాడు. మేం లారీ కొన్న గరాజ్ అక్కడే ఉంది. అందులో అత్త ముందే మాట్లాడి టైర్లు పక్కన పెట్టించాలని చిన్నాన్న ఉద్దేశం.

పదకొండు దాటాక అత్త ఇంటికి చేరాం. అప్పుడే భోజనానికి కూర్చోబెట్టింది. నాకు వేడి అన్నం, రొయ్యల కూర, మామిడికాయ అచార్. చిన్నాన్నకు గిన్నెడు బియ్యపు గంజి.

“నాకేమొచ్చిందక్కా?” అన్నాడు చిన్నాన్న.

“తాగరా. తర్వాత అది కూడా దిగదు.”

“ఎందుకు దిగదు?”

“పళ్ళు పీకాక ఎలా దిగుతుందిరా? పాత వేర్లు తీస్తేగాని కొత్తవి కట్టరట. డాక్టరుతో మాట్లాడేశాను. మనకోసం భోజనం మానుకుని కూర్చున్నాడు.”

చిన్నాన్న గిన్నె కింద పెట్టాడు. “మాస్టారు నీతో ఏం చెప్పాడు?”

“నువ్వు చెప్పిందే చెప్పాడు. ‘సూరన్న పళ్ళు పూర్తిగా అరిగిపోయాయి, కొత్తవి కట్టించాలి, శుక్రవారం వస్తాడు, మాట్లాడి ఉంచు’ అని. పాపం, ఇంత చిన్న వయసులో ఏమిట్రా అని రాత్రి నిద్ర పట్టలేదు నాకు.”

కబురు మాట పొల్లుపోకుండా చేరింది. లారీ అనే ఒక్క మాట ఇవతలే ఉండిపోయింది.

చిన్నాన్న లేచి నిలబడి, కామియోన్, బురద, ఎడ్లు అంతా ఏకరువు పెట్టాడు. అత్త శాంతంగా విన్నది.

“అయితే నీ పళ్ళు బాగానే ఉన్నాయా?”

“రాళ్ళు! చూడు!” అని నా పళ్ళెంలోంచి రొయ్య తీసి, తలతో సహా నోట్లో వేసుకుని కసుక్కున కొరికాడు. మరుక్షణం, “అబ్బా!” అని ఎడమ దవడ పట్టుకున్నాడు.

అత్త చెంగు దోపుకుంది.

“అక్కా, గరాజ్ మూసేస్తారు.”

“డాక్టరును భోజనం మాన్పించి కూర్చోబెట్టాను. ఊరికే పంపేస్తే ఈ వీధిలో నా మొహం ఎలా చూపించను? ఒక్కటే పీకించుకో. నా పరువు కోసం.”

మా అత్త పరువును కాదన్నవాళ్ళు మా వంశంలో లేరు.

చిన్నాన్న డాక్టరు గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆయన నోటినిండా దూది ఉంది, కళ్ళనిండా నీళ్ళున్నాయి. “ఊఁ” అన్నాడు. గరాజ్ వైపు చూపించాడు. తర్వాత నా వైపు చూపించాడు. నాకు విషయం అర్థమైంది. ఇక మాట్లాడాల్సింది నేను.

దారిలో బళ్ళో నేర్చుకున్న ఫ్రెంచిలో ఒక చక్కని వాక్యం తయారుచేసుకున్నాను. ‘దయచేసి’ రెండుసార్లు వచ్చింది అందులో. గరాజ్ యజమాని నూనె చేతులు తుడుచుకుంటూ ఎదురుగా వచ్చేసరికి ఆ వాక్యం ఎగిరిపోయి, క్రెయోల్ ముక్క ఒకటి నోట్లోంచి జారింది.

“మిస్యే, ను బిజేన్ లెదాన్.”

అంటే, అయ్యా, మాకు పళ్ళు కావాలి.

ఆయన నా వెనకాల ఉన్న చిన్నాన్న వాచిన చెంప చూశాడు. “పళ్ళ డాక్టరు పక్క వీధిలో, మామ్‌జెల్. కానీ మీరు అక్కణ్ణుంచే వస్తున్నట్టున్నారే?”

లోపల పనివాళ్ళు నవ్వారు. నేను భూమిలోకి దిగిపోతే బాగుండుననుకుని, దానికి బదులు గోడ వైపు చెయ్యి చాపాను. అక్కడ వేలాడుతున్నాయి రెండు టైర్లు. నల్లగా, కొత్తగా, ఒక్కొక్క కోతలో నా వేలు దూరేంత లోతుగా.

“ఆ, ఆ పళ్ళా!” అన్నాడాయన. “అవి ఎస్టేటువాళ్ళు చెప్పి ఉంచినవి. మళ్ళీ ఓడ వచ్చినప్పుడు చూద్దాం.”

చిన్నాన్న “ఊఁ! ఊఁ!” అన్నాడు. ఆ రెండు ఊఁల మధ్య నాకు చెరకు కత్తి కనిపించింది. మాట్లాడకపోతే ఏడుపు వచ్చేస్తుందని మాట్లాడటం మొదలుపెట్టాను.

“ఓడ వచ్చేసరికి కామియోన్ ఉండదు మిస్యే. మీ దగ్గర కొన్నదే. మలుపులో దిగబడింది. ఈ సాయంత్రం తాతయ్య దాన్ని వదిలించుకుని ఎడ్లు కొంటున్నాడు.”

“ఎడ్లా?” ఆయన తుడుచుకుంటున్న గుడ్డ ఆగిపోయింది. “నేనమ్మిన కామియోన్‌కి బదులు ఎడ్లా? ఎంతమందికి తెలుసు?”

“నువెల్ ఫ్రాన్స్‌లో అందరికీ. అది దారికి అడ్డంగా ఉంది. గుడికి వెళ్ళేవాళ్ళు కూడా దాని చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఆదివారం అమ్మవారి పండగ, ఇంకా చాలా ఊళ్ళవాళ్ళు వస్తారు.”

ఇది బెదిరింపని నాకు అప్పుడు తెలియదు. చిన్నాన్న తర్వాత చెప్పాడు. గరాజ్ యజమాని ఒక్క నిమిషం పైకప్పు వైపు చూసి, పనివాణ్ణి పిలిచి నిచ్చెన తెమ్మన్నాడు. ఎస్టేటుకు ఎలా చెబుతారని నేను అడగబోయాను. చిన్నాన్న నా కాలు తొక్కాడు.

తిరుగు ప్రయాణంలో గార్డు మమ్మల్ని తలుపు దగ్గరే ఆపాడు. చక్రాలున్నది ఏదైనా సామాన్ల పెట్టెలో వెళ్ళాలట. ఇవి చక్రాలు కావు, చక్రాల చెప్పులు అన్నాను. అది నా నోట్లోంచే వచ్చిందని నమ్మలేక వెనక్కి తిరిగి చూశాను కూడా. గార్డు నవ్వి జరిగాడు. లోపల ఒక ముసలమ్మ కోళ్ళ బుట్టను మా టైరు మధ్యలో అమర్చి, “ఇవి కరుస్తాయా, బిడ్డా?” అని అడిగింది.

“మట్టినే కరుస్తాయి, అవ్వా.”

“మరి ఆయన్నెవరు కరిచారు?”

చిన్నాన్న కిటికీ వైపు తిరిగాడు. క్యూర్‌పీప్‌లో మళ్ళీ వాన అందుకుంది. రోజ్ బెల్‌లో బస్సు దొరికింది. టైర్లు పైన కట్టించి, ఆగిన ప్రతిచోటా అవి ఉన్నాయా లేవా అని తల బయటపెట్టి చూస్తూ పైకి ఎక్కాం.

మలుపు దగ్గర తాతయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెల్లటి పంచె, భుజం మీద ఇస్త్రీ కండువా. పక్కన ఎడ్ల మనిషి, అతని వెనక రెండు బూడిదరంగు ఎడ్లు. ఎడ్లు చాలా బాగున్నాయి. అది నాకు మరీ బాధ కలిగించింది.

చిన్నాన్న తిన్నగా లారీ దగ్గరికి దిగాడు. జాకీ కింద బండరాయి పెట్టి లారీ ఎత్తాడు. నేను బోల్టులు ఒడిలో పట్టుకున్నాను. పాత టైరును ఊడదీయడానికి ఇనుప కడ్డీ మీద ఆయన ఊగుతుంటే, ఎడ్ల మనిషి చూసి చూసి, “ఇటు నేను పట్టనా?” అని గట్టు దిగాడు.

“నువ్వు ఎవరి వైపు?” అన్నాడు తాతయ్య.

“చూద్దామని, పెద్దయ్యా. ఇంత దూరం వచ్చాను గదా.”

కొత్త టైర్లు ఎక్కాయి, గాలి కొట్టడం అయింది. చిన్నాన్న ఇంజను తిప్పాడు. వెనక చక్రాలు ఒక్కసారి గిర్రున తిరిగి, మూడు రోజుల బురదంతా ఎత్తి తాతయ్య మీద పోశాయి. గొడుగు ముందుకు పట్టుకున్నాడు, బురద పక్కనుంచి వచ్చింది. పంచె, కండువా, మీసం, అన్నీ ఎర్రబడ్డాయి. ఎడ్లు రెండడుగులు వెనక్కి వేశాయి. చక్రాలు తిరగడం మానేసి కరవడం మొదలుపెట్టాయి. లారీ ఒకసారి మూలిగి, గుంతలోంచి లేచి, మలుపు ఎక్కి నిలబడింది.

తాతయ్య కండువాలో శుభ్రంగా ఉన్న మూల వెతికి కళ్ళు తుడుచుకున్నాడు. వంగి కొత్త టైరు కోతలో వేలు పెట్టి చూశాడు. కొన్ననాటి నుంచి ఒక్కసారీ ఎక్కని మనిషి, ముందు తలుపు తీసి చిన్నాన్న పక్కన కూర్చున్నాడు. నేను వెనక, అరిగిన టైర్ల మీద కూర్చున్నాను. రెండు రైళ్ళూ ఒక బస్సూ ఎక్కిన ఆ రోజు అన్నిటికంటే మంచి సీటు అదే.

ఇంటి ముందుకి రాగానే చిన్నాన్న బ్రేకు మీద కాలు పెట్టాడు.

“ఆపకు,” అన్నాడు తాతయ్య. “ఇంకా పైకి పోనీ. మూడు రోజుల నుంచి నవ్వినవాళ్ళ ఇళ్ళన్నీ ఆ పైనే ఉన్నాయి.”