బ్యాంకాయన గది

కొత్త ఇంట్లోకి వచ్చిన రోజు మా అక్క మొదట చేసిన పని ఒక గదికి తాళం వేయడం.

ఇల్లంటే మేడలో మధ్య అంతస్తున ఒక ముందుగది, దాన్ని ఆనుకుని వంటగది, చివర ఒక పడకగది. ఇంట్లోకెల్లా పెద్దది ఆ పడకగదే. రెండు కిటికీలున్నాయి. పొద్దుటి ఎండ ఒక కిటికీలోంచి వచ్చి గచ్చు మీద పరుచుకునేది. మంచం ఎక్కడ వేయాలని సామాన్లు మోసినవాళ్ళు అడిగితే అక్క ముందుగదిలో గోడవార చూపించింది. తర్వాత పడకగది శుభ్రంగా ఊడ్చి, కిటికీల అద్దాల రెక్కలు బిగించి, తలుపు మూసి తాళం వేసింది.

అదేమిటని అడిగాను.

"అది బ్యాంకు వాళ్ళ గదే. అప్పు తీరాక మనది" అంది.

నవ్వులాటకి అంటోందనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. గది తెరిస్తే అందులోకి ఫ్యాను కావాలి, దీపం కావాలి, కిటికీలకి తెరలు కావాలి. మంచం అటు వెళ్తే ముందుగది బోసిపోతుంది, కుర్చీలు కావాలి. ఒక్క తలుపు తీస్తే ఎన్ని నోళ్ళు తెరుచుకుంటాయో చూడమనేది. నోళ్ళన్నీ మూసి ఉంచితే కిస్తీ పోగా మిగిలింది కూడా బ్యాంకులోనే కట్టొచ్చు, అప్పు తొందరగా తీరుతుంది. ఆమె పట్టు అదీ.

బావ బస్సు కండక్టరు. టికెట్టు లేకుండా పట్టుబడ్డ వాడిని కూడా నవ్వించి పంపగలిగిన మనిషి. ఆ మూసిన గదిలో ఉన్నట్టు ఊహించుకున్న వ్యక్తికి ఆయన బ్యాంకాయన అని పేరు పెట్టాడు. నేను వెళ్ళి నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే, "మెల్లగా మరదలా, బ్యాంకాయనకి ఇప్పుడే కునుకు పట్టింది" అనేవాడు. కూర మాడితే బ్యాంకాయనకి పెట్టెయ్యమనేవాడు. అక్క మూతి ముడుచుకుని అటు తిరిగేది. భుజాలు మాత్రం కదిలేవి.

పిల్లలు పుడితే తాళం తీద్దామని ఒక మాట అనుకున్నారు. పుట్టలేదు. తాళం అలాగే ఉంది.

అక్కా నేనూ పని చేసింది ఒకే లాండ్రీలో. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు అక్కడికి వచ్చేవి. ఇస్త్రీ యంత్రం రోలర్ల మధ్య నుంచి దుప్పటి ఆవిర్లు కక్కుతూ బయటికి వచ్చేది. చెరొక అంచూ పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, ఒక్క విదిలింపు విదిలించి, ఒకరివైపు ఒకరం నడిచేవాళ్ళం. నా చేతిలోని కొసలు ఆమె అందుకుంటే నేను వంగి మడత అందుకునేదాన్ని. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఆ యంత్రాల హోరులో దగ్గరికి వస్తే తప్ప మాట వినపడదు. అందుకని మా కబుర్లన్నీ మడతకొక ముక్క చొప్పున సాగేవి. కాస్త పెద్ద సంగతైతే అరడజను దుప్పట్లయినా పట్టేది.

తన కోరిక కూడా అక్క నాకు అలాగే చెప్పింది. "ఆ గది తెరిచిన రోజు" అంటూ దగ్గరికి వచ్చి, వెనక్కి వెళ్ళింది. "ఇదిగో, ఇలాంటి తెల్ల దుప్పటి పరిచి" అంది ఇంకో మడతకి. మరో దుప్పటి వచ్చింది. "ఎండ మొహాన పడుతున్నా లేవకుండా" అంది. చివరి కొసలు నా చేతిలోంచి తీసుకుంటూ, "మధ్యాహ్నం దాకా పడుకుంటానే" అంది.

ఎవరెవరో పడుకునే దుప్పట్లను జీవితమంతా మడతపెట్టిన మనిషి, తెల్లవారాక ఒక్కరోజు కూడా పక్క మీద ఉండి ఎరగదు. నాకు నవ్వొచ్చింది అప్పుడు. ఇంతేనా అన్నాను. ఇంతే అంది.

ఓ మూల మరక పడిందని హోటలు వాళ్ళు వద్దన్న దుప్పటి ఒకటి లాండ్రీ మేనేజరు చవగ్గా అమ్మేశాడు. అక్క కొనుక్కుంది. తన కోసం ఆమె బేరమాడి కొన్నది నేను చూడటం అదే మొదలు. మరకున్న మూల కాళ్ళవైపు వేసుకుంటే సరి అంది. యంత్రంలో తనే పెట్టి, తనే మడిచి, కాగితం చుట్టి, బ్యాంకాయన గదిలో గోడ అల్మరాలో దాచింది.

ఇంట్లో వాళ్ళు పడుకున్నది మాత్రం అతుకుల దుప్పటి మీద. దుప్పటి నడిమి భాగమే ముందు పలచబడుతుంది కదా. పలచబడ్డాక దాన్ని నిలువునా చింపి, గట్టిగా ఉన్న పక్క అంచులను మధ్యకు తెచ్చి కుట్టేది. ఇంకొన్నేళ్ళు వచ్చేది. సబ్బు అరిగిపోతే పలుచని ముక్కను కొత్త సబ్బు వీపుకి అంటించేది. పళ్ళ పేస్టు గొట్టాన్ని కత్తెరతో నిలువునా చీల్చేది. అన్నం ముప్పాతిక ఉడకగానే పొయ్యి ఆపి, గిన్నె మీద పాత దుప్పటి కప్పితే మిగతాది దానంతటదే ఉడికేది. స్విచ్చి కనపడితే చెయ్యి ఆగేది కాదు. ఎవరింటికి వెళ్ళినా, మనిషి లేని గదిలో దీపం వెలుగుతుంటే లోపలికి వెళ్ళి ఆపి వచ్చేది. లాండ్రీలో అందరూ ఆమెను స్విచ్చమ్మ అనేవాళ్ళు. ఒకసారి మేనేజరు తన గదిలో ఉండగానే ఆపేసింది. చీకట్లోంచి ఆయన, "స్విచ్చమ్మా, నేనింకా ఉన్నాను" అన్నాడట.

లాండ్రీకి అక్క నడిచే వెళ్ళేది. ఒకరోజు జోరువాన. తప్పక బావ బస్సే ఎక్కింది. సొంత పెళ్ళామైనా టికెట్టు కొట్టాలి. కొట్టాడు. ఛార్జీ మారే స్టాపు రాగానే ఆమె దిగిపోయి, తడుస్తూ నడవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ బస్సే ఆమెను దాటుకుని పోయింది. బావ ఈ కథ ఎంత బాగా చెప్పేవాడో. ఫుట్‌బోర్డు మీంచి తాను చూశానని, ఆవిడ మాత్రం బస్సు వంక చూడలేదని, చూపుకి కూడా ఛార్జీ పడుతుందని భయమని. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్య ఆయన కిటికీలోంచి రోడ్డు వంక చూడటం నేనొక్కదాన్నే గమనించేదాన్నేమో.

మొదట్లో ఏడాదికోసారి అక్క ఆ గది తాళం తీసేది. దుమ్ము దులిపి, ఎండ పడిన చోట కాసేపు నిలబడి, మళ్ళీ వేసేసేది. ఇంకెన్నాళ్ళో లెక్కేసుకుంటోందని ఆమె కళ్ళల్లోనే తెలిసేది నాకు.

అలాంటి ఒక ఏడాది, అప్పు ఎంతవరకూ వచ్చిందో కనుక్కోవడానికి ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. సగమైనా తరిగి ఉంటుందని ఆమె నమ్మకం. గుమాస్తా చూసి, వడ్డీ పెరిగిందనీ, కిస్తీ పెంచితే కష్టపడతారని దాన్ని అలాగే ఉంచి సంవత్సరాలు పెంచామనీ చెప్పాడు. మేలు చేసినట్టే చెప్పాడు. పాపం, అతని తప్పేముంది.

"మేం ఒక్క నెలైనా తప్పామా బాబూ?" అంది అక్క.

"లేదమ్మా. అందరూ మీలా కడితే మాకు పనే ఉండదు."

"మరి మిగిల్చి కట్టిందంతా ఏమైంది?"

"కట్టారు కాబట్టే ఇంతతో ఆగిందమ్మా" అన్నాడు.

ఆ ఏడాది ఆమె తాళం తీయలేదు. మరుసటి ఏడాదీ తీయలేదు. ఎందుకని అడిగితే, చూస్తే ఆశ పుడుతుందే అంది. తలుపు కింది సందులోంచి దుమ్ము పోకుండా పాత గుడ్డలు కుక్కింది. ఆ గది ఉందన్న సంగతే మరిచిపోయినట్టు తలుపుకి అడ్డంగా బట్టల తాడు కట్టింది.

పై అంతస్తులో ఒక టీచరమ్మ ఉండేది. ఒక సెలవురోజు నేనక్కడ ఉండగానే ఆవిడ దిగివచ్చి, తమ స్నానాల గదిలో నీళ్ళు ఎటో ఇంకుతున్నాయని, కింద గదిలో ఏమైనా కారుతోందా అని అడిగింది. కారుతుంటే చెరిసగం వేసుకుని పైపు మార్పిద్దామంది. చెరిసగం అన్న మాట వినగానే అక్క మొహం మూసుకుపోయింది.

"మాకేం కారట్లేదండీ" అంది.

"ఒక్కసారి చూసి చెప్పండి."

"చూసేదేముంది, మా ఇంటి సంగతి మాకు తెలీదా."

ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. అక్క అబద్ధం చెప్పలేదు. వాళ్ళు బతికే ముందుగదిలో చుక్క కూడా కారట్లేదు. అది తన గది కాదని ఆమె తనకు తాను ఎంతగా చెప్పుకుందంటే, మా ఇల్లు అన్నప్పుడు ఆ గది లెక్కలోకే రాలేదు.

బావ మోకాళ్ళు అరిగి, బస్సు మెట్లు ఎక్కలేక, గడువుకన్నా ముందే ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. వచ్చిన డబ్బంతా, కాఫీకి కూడా విడవకుండా, బ్యాంకులో కట్టేశారు. అప్పు తీరింది. ఆ పొద్దున నన్నూ రమ్మంటే వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు అక్క బస్సు ఎక్కుదామంది. కిటికీ పక్క సీటులో కూర్చుంది. చివరి స్టాపు దాకా టికెట్టు తీసుకుంది. బావ నా వైపు చూసి కళ్ళెగరేశాడు.

బట్టల తాడు విప్పారు. తాళం తుప్పు పట్టి తాళంచెవి తిరగలేదు. బావ సుత్తితో కొట్టాడు. "బాబూ, ఇక లేవండి, ఖాళీ చెయ్యండి" అని తలుపు మీద తట్టి మరీ తోశాడు. తలుపు సగం వచ్చి ఆగిపోయింది. కింద పెచ్చులు అడ్డం పడ్డాయి.

ముందు వాసన వచ్చింది. తర్వాత కనపడింది. పైకప్పు సిమెంటు ఊడి గచ్చు నిండా రాలి ఉంది. ఊడిన చోట ఇనుప చువ్వలు ఎర్రగా ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. గోడ పైనుంచి కింది దాకా నల్లగా బూజు. కిటికీ చెక్క చేత్తో పట్టుకుంటే పిండిలా రాలింది. ఎండ మాత్రం ఎప్పటిలాగే వచ్చి ఆ పెచ్చుల మీద పడింది.

అక్క పెచ్చులు తొక్కుకుంటూ అల్మరా దగ్గరికి వెళ్ళి దుప్పటి తీసింది. కాగితం దానికే అంటుకుపోయింది. మడత మడతకీ నల్లటి మచ్చలు దిగాయి. ఆమె దాన్ని గుండెకి ఆనించుకుని, పైకి చూసి, "కారుతోందండీ" అంది. ఎవరితో అందో తెలియదు. టీచరమ్మ అప్పటికే ఇల్లు మారిపోయింది.

మేస్త్రి వచ్చి కర్రతో కప్పుని తట్టి చూశాడు. చువ్వలను తుప్పు తినేసిందనీ, ఈ కప్పు కింద పిల్లి కూడా పడుకోకూడదనీ, కొంతభాగం పడగొట్టి మళ్ళీ పోయాల్సిందేననీ అన్నాడు. అప్పటికి పడకుండా కర్రలు ఆనించి వెళ్ళాడు. ఎంతవుతుందో విన్నాక బావ, ఇల్లు చూపించి మళ్ళీ అప్పు తెస్తానన్నాడు.

"వద్దు" అంది అక్క. "ఇంకో అప్పు తీరేదాకా ఎదురుచూడటం నా వల్ల కాదండీ."

దుప్పటి లాండ్రీకి పట్టుకొచ్చింది. మందులు వేసి ఎన్నిసార్లు ఉతికినా మచ్చలు పోలేదు. బాగున్న ముక్కలు కత్తిరించి అతికితే ఒక మనిషికి సరిపడా వచ్చింది. కుడుతున్నంతసేపూ నేను పక్కనే కూర్చున్నాను.

కొన్నాళ్ళకే మంచాన పడింది. ఆవిరిలో ఏళ్ళతరబడి పని చేసిన ఊపిరితిత్తులు, చాలా ఆలస్యంగా చూపించారన్నారు. ఎందుకు ఆలస్యమైందో డాక్టరుకి ఎవరూ చెప్పలేదు. ముందుగదిలో గోడవార, ఆ అతుకుల తెల్ల దుప్పటి మీద, పొద్దెక్కినా లేవకుండా పడుకునేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం కావస్తోంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "చూశావా, ఇంకా పడుకునే ఉన్నాను" అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. దీపం ఆపమని చెయ్యి ఊపింది. ఆపాను. ఆ వారంలోనే పోయింది.

ఆ తర్వాత బావ బట్టలు ఉతుక్కుంటుంటే సాయం పట్టడానికి వెళ్ళాను. ఆ దుప్పటికి చెరో అంచూ పట్టుకున్నాం. నేను అలవాటు కొద్దీ ముందుకి నడిచాను. ఆయన నడవలేదు, ఎటు రావాలో తెలియక నిలబడిపోయాడు. దుప్పటి మధ్యలో వేలాడి నేలకి తగిలింది. ఎలా మడవాలో చెబుదామనుకున్నాను. చేతులకి తెలిసిందే తప్ప మాటల్లోకి రాలేదు. ఉండచుట్టి మంచం మీద పెట్టేశాం.

పడకగది తలుపు తీసి ఉంది. లోపల మేస్త్రి కర్రలు, ఇసుక బస్తాలు ఉన్నాయి.

"బ్యాంకుకి వెళ్ళాను మరదలా. మళ్ళీ అప్పుకి సంతకం పెట్టాను" అన్నాడు బావ.

"ఎవరి కోసం బావా?"

మంచం అంచున కూర్చుని కర్రల వంక చూశాడు. పాత అలవాటు చొప్పున నవ్వించాలనే చూశాడు, పెదవులు కుదరలేదు.

"బ్యాంకాయన కోసం. ఆయన మాత్రం ఎక్కడికి పోతాడు చెప్పు" అన్నాడు.

తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచి, తలుపు దగ్గరికి వేసి, గుడ్డలు సందులో కుక్కాడు.