సిరిసిల్లలో మెరిసిన ఫిష్ ప్లేటు

అప్పట్లో జగిత్యాలకు రైలు లేదు, కోరుట్లకు లేదు, సిరిసిల్లకు అసలే లేదు. అయినా మాకు రైలు పిచ్చి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ముగ్గురం కలిసి రైలు మిత్రమండలి పెట్టుకున్నాం. నేను కోరుట్లలో రేడియోలు బాగుచేసేవాణ్ని. మా అక్కను ఇచ్చిన బావ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. మూడోవాడు జగిత్యాల పెద్దాయన, నిజామాబాద్ దిక్కు మీటర్ గేజి లైను మీద గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు.

మీటర్ గేజి ఇంకెన్నో రోజులు ఉండదని పెద్దాయన అనేవాడు. వెడల్పు పట్టాలు పడితే పాతవన్నీ తుక్కు కిందికే పోతాయి. అందుకని దొరికినవి దాచాలనుకున్నాం. ఏదో ఒకనాడు జగిత్యాలకు స్టేషన్ వస్తుంది, అందులో అద్దాల బీరువా పెట్టించి అందరికీ చూపించాలని మా ఆశ. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది.

మా ఆస్తల్లా ఒక గార్డు లాంతరు, ఒక ఫిష్ ప్లేటు. రెండు పట్టాలను కలిపి బిగించే ఇనుప పలక అది. పట్టాలు మార్చినప్పుడు పక్కన పడేస్తే పెద్దాయన ఇంటికి తెచ్చుకున్నాడు. రెండూ బావ ఇంట్లో ఉండేవి. సాంచాల మీద బతికేవాడికి ఇనుము తుప్పు పడితే చూడబుద్ధి కాదు. సాంచాకు నూనె వేసినప్పుడల్లా ఆ నూనెగుడ్డ ఇంటికి తెచ్చి పలకను రుద్దేవాడు. చూస్తే నిన్ననే చేసినట్టుండేది.

అన్నల కాలం, అదే నక్సలైట్ల కాలం. ఎక్కడో పట్టాలు ఊడదీశారని పేపర్లో వచ్చిన వారమే పోలీసులు సిరిసిల్లలో ఇల్లిల్లూ వెతికారు. ఫిష్ ప్లేటు దొరికింది, బావను తీసుకుపోయారు. అట్లా తీసుకుపోయినవాళ్లందరూ తిరిగిరాని రోజులవి. అక్క కబురు పంపితే ఉరికాను.

“పాతది సారూ, దాచిపెట్టుకున్నం,” అన్నాను ఎస్సైతో.

“పాతదైతే తుప్పేది? గిది తళతళ మెరుస్తున్నది. నిన్నమొన్న ఊడబీకిందే గిది.”

నూనె సంగతి చెప్పాను. నవ్వాడు. పనికిరాని ఇనుముకు ఎవడన్నా నూనె రాస్తాడా అన్నాడు. ఏం చెప్పను, మేమే రాశాం. చివరికి, ఇచ్చినవాణ్ని తెచ్చి చెప్పించు అన్నాడు.

జగిత్యాల బస్సెక్కాను. పెద్దాయన అంతా విన్నాడు, మంచం మీంచి లేవలేదు.

“రైల్వే సామాను ఇంటికి తెచ్చిన్నని ఎట్ల ఒప్పుకుంట కొడుకా? దొంగతనం కేసు పెడ్తరు. పింఛన్ బందైతది. గీ ముసల్దాన్ని ఏం పెట్టి సాకాలె?”

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆయన భయమూ నిజమే. వట్టి చేతులతో తిరిగొచ్చాను.

బావను కొన్నాళ్లకు వదిలిపెట్టారు. బతికొచ్చిండు, గదే పదివేలు అన్నారు వాడకట్టువాళ్లు. కానీ కుడి భుజం లేవడం లేదు. తెగిన పోగు ముడెయ్యలేడు. సాంచాల ఆసామి వేరేవాణ్ని పెట్టుకున్నాడు.

నేను చూడబోయినప్పుడు అక్క అన్నం కలిపి బావకు తినిపిస్తోంది. బావ నా దిక్కు చూడలేదు.

“తమ్మీ, ఒక్కటి అడుగుత చెప్పు,” అంది అక్క. “మీ బావ ఎన్నడన్న రైలెక్కిండా?”

నిజామాబాద్ బస్సులో పోయి, రైలును చూసి, మళ్లీ బస్సులోనే వచ్చేవాళ్లం.

“లేదక్కా,” అన్నాను.

“ఎక్కనన్న ఎక్కకపాయె,” అంటూ అక్క ఇంకో ముద్ద కలిపింది.